నీళ్ళలోకి దిగకూడనివారు

మిరపకాయల ఘాటు.

ఏప్రిల్‌లో నందిగామ గాలి ముందు ముక్కుకే తెలుస్తుంది. ఊరి చివర కల్లాల్లో పరిచిన మిరపకాయల మీదుగా వస్తుంది. డాబా ఎక్కుతుంది. ఆరేసిన దుప్పట్లను కదుపుతుంది. సూసన్ కళ్ళలో నీళ్ళు తెప్పిస్తుంది.

సూసన్ తుమ్ముతుంది. ఎడ్విన్ నవ్వుతాడు. చదువుతున్న వరస మీద వేలు పెట్టి ఆగుతాడు.

మళ్ళీ చదువుతాడు.

పగడపు దిబ్బల గురించి. ఆటుపోట్ల గురించి. చిలకముక్కులాంటి నోటితో పగడాన్ని కొరికి, ఇసుకగా మార్చి వదిలే చేపల గురించి...

వాళ్ళు అండమాన్ వెళుతున్నారు. ఆరు రోజులు.

పెళ్ళయి ఏడు నెలలు. పెళ్ళయ్యాక ఎక్కడికీ వెళ్ళలేదు. అతనికి హైస్కూల్లో సోషల్ పాఠాలు, పరీక్షలు, పేపర్లు దిద్దడం. ఆమెకి జగ్గయ్యపేటలో చిన్నపిల్లల బడి. పుట్టిల్లూ అక్కడే, ఉద్యోగమూ అక్కడే. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళి వస్తుంది. వేసవి సెలవులు రాగానే దీవికి వెళదాం అన్నాడు ఎడ్విన్. అన్న మర్నాడే నాలుగు పుస్తకాలు తెచ్చాడు.

అతనంతే. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు చదవాలి. మైలవరంలో పెళ్ళికి వెళ్ళినా, దారిలో తగిలే కొండ గురించి చదివి వెళ్ళే మనిషి.

"చూడ్డం అందరూ చూస్తారు సూసీ. చదివి చూస్తే వేరు," అంటాడు.

అందుకని రోజూ సాయంత్రం, నీళ్ళ ట్యాంకు నీడలో, చాప మీద. అతను చదువుతాడు. ఆమె వింటుంది. అతని చేతిలో పెన్సిలు. ఆమె చేతిలో టీ గ్లాసు.

ఏడు నెలల్లో మొదటి ఆరు నెలలు వాళ్ళు మర్యాదగా ఉన్నారు. అంతే. అన్నం పెట్టనా, పెట్టు. లైటు ఆర్పనా, ఆర్పు. ఈ నాలుగు పుస్తకాలు వచ్చాకే మాటలు మొదలయ్యాయి. తాబేలు గుడ్లు పెట్టే రాత్రి గురించి మాట్లాడుతూ అతను తన చిన్నతనం చెప్పాడు. దీవుల జైలు గురించి విని ఆమె ఏడ్చింది. ఏడిస్తే అతను పుస్తకం మూసి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

అలా దగ్గరయ్యారు. పేజీకి కొంచెం. పేజీకి కొంచెం.

అందుకే భయం.

దూరంగా ఉన్న మనిషి పోతే పోయాడు. దగ్గరైన మనిషి...

నాలుగో పుస్తకం పల్చటిది. నీలం అట్ట. నౌకాదళంలో పనిచేసి దిగిపోయిన ఎవరో తెలుగాయన రాసుకుని అచ్చు వేయించుకున్నది. సముద్రం అడుగుకి దిగడం గురించి. ఎడ్విన్ స్కూల్లో పనిచేసే నెహెమ్యా మాస్టారు కిందటేడు అండమాన్ వెళ్ళొచ్చాడు. ఆ పుస్తకం ఆయనది. జాగ్రత్తగా ఇమ్మని మరీ చెప్పి ఇచ్చాడు.

"మనం కూడా దిగుదాం," అన్నాడు ఎడ్విన్ ఆ సోమవారం సాయంత్రం. అతని కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళలా ఉన్నాయి. "వీపుకి గాలి సిలిండరు కడతారు. నోట్లో గొట్టం. పక్కనే మనిషి ఉంటాడు. ఈత రాకపోయినా పర్లేదంట. ఇద్దరం చేతులు పట్టుకుని దిగొచ్చు."

"నాకు నీళ్ళంటే భయమండీ."

"భయమే కదా. పోగొడదాం."

నవ్వాడు. పుస్తకం మూశాడు. ఆఖరి భాగం ఎల్లుండి చదువుదాం, రేపు స్టాఫ్ మీటింగు ఉంది అన్నాడు.

మంగళవారం పొద్దున్నే, అతను స్నానానికి వెళ్ళినప్పుడు, సూసన్ ఆ పుస్తకం తీసింది. పొయ్యి మీద ఉప్మా. ఒక చేత్తో గరిటె. ఒక చేత్తో పేజీలు.

నలభై ఏడో పేజీ.

పైన పెద్ద అక్షరాలు — నీళ్ళలోకి దిగకూడనివారు.

గుండె జబ్బు ఉన్నవారు. ఉబ్బసం ఉన్నవారు. గర్భిణులు.

నాలుగో వరస.

మూర్ఛ ఉన్నవారు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయినా సరే. నీళ్ళ అడుగున ఫిట్స్ వస్తే నోట్లోని గొట్టం జారిపోతుంది. పక్కన ఎవరున్నా కాపాడడం కష్టం. దిగేముందు ఇచ్చే కాగితంలో ఈ సంగతి దాచిపెట్టి సంతకం చేయకండి.

దాచిపెట్టి.

ఆ మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి.

ఉప్మా అడుగంటింది.

సూసన్‌కి పద్నాలుగో ఏట మొదటిసారి వచ్చింది. నీళ్ళలోనే.

ముక్త్యాల దగ్గర కృష్ణలో బాప్తిస్మం. తెల్లబట్టలు. నడుము లోతు నీళ్ళు. ఒడ్డున పాటలు. పాస్టరుగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, వెనక్కి వంచి, నీళ్ళలో ముంచి లేపారు. లేచేసరికి నాలుక మీద ఇనుము రుచి. ఆకాశం ఒక పక్కకి ఒరిగింది. అంతే గుర్తు.

ఒడ్డున వాళ్ళు ఆమె ఒళ్ళు కొట్టుకోవడం చూశారు. "ఆత్మ దిగింది! ఆత్మ దిగింది!" అని చేతులెత్తారు. పాటలు ఇంకా పెద్దగా పాడారు.

వాళ్ళమ్మ రోజారమణి మాత్రం పాడలేదు. నీళ్ళలోకి చీరతోనే దిగి వచ్చింది. కూతురి నోటి పక్క నురగ కొంగుతో తుడిచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత విజయవాడలో డాక్టరు. తలకి తీసిన ఫోటోలు. మాత్రలు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పదమూడేళ్ళుగా. మధ్యలో తొమ్మిదిసార్లు వచ్చింది. ఆఖరిసారి వచ్చి రెండున్నరేళ్ళు.

సంఘంలో పెద్దలు ఎడ్విన్ సంబంధం తెచ్చినప్పుడు అతను అడిగింది ఒక్కటే — ఏం చదువుతారు మీరు, అని. ఒంట్లో ఎలా ఉంటుంది అని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి అబద్ధం ఆడినట్టు కాదు, అంది రోజారమణి.

కాదా?

పొద్దుటి మాత్ర బడిలో వేసుకుంటుంది. సాయంత్రం మాత్ర బస్సులో. ఆదివారాలు బీరువా తలుపు చాటున. ఏడు నెలలుగా ఒక్క పూట తప్పలేదు.

బాత్రూంలో మగ్గు చప్పుడు ఆగింది. ఎడ్విన్ తువ్వాలు అడుగుతున్నాడు.

ఆమె చేతులు ఆలోచించలేదు. కాగితం చిరిగింది. ఆ చప్పుడు ఇల్లంతా వినపడినట్టు అనిపించింది.

పెరట్లో అత్తగారు జయమణి చింతపండు గింజలు తీస్తోంది. తల ఎత్తలేదు.

చిల్లకల్లు దగ్గర, టోల్‌గేటు దాటాక, సూసన్ ఆ కాగితాన్ని బస్సు కిటికీలోంచి వదిలేసింది. గాలి దాన్ని లాక్కుంది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అది బస్సు వెంట వస్తూ ఉంటుందేమో అనిపించింది.

బడి ఇంటర్వెల్లో తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆయనకి చెప్పేస్తా."

"పెళ్ళిలో చెప్పనిది ఇప్పుడు చెప్తావా?" రోజారమణి గొంతు తగ్గింది. పక్కన ఎవరో ఉన్నట్టున్నారు. "రెండున్నరేళ్ళయింది తల్లీ. తగ్గిపోయినట్టే. నీళ్ళలోకి దిగను, భయం అను. అంతే. దానికి ఇదంతా ఎందుకు?"

"నన్ను చెయ్యి పట్టుకుని దిగుదాం అన్నాడమ్మా."

అవతల తలుపు వేసిన చప్పుడు.

"నా మాట విను," అని పెట్టేసింది.

బుధవారం సాయంత్రం.

గాలి లేదు. డాబా గచ్చు ఇంకా కాలుతోంది. ఎడ్విన్ నీలం పుస్తకం తెరిచాడు. నలభై ఆరో పేజీ చదివాడు. పేజీ తిప్పాడు.

ఆగాడు.

వెనక్కి తిప్పాడు. ముందుకి తిప్పాడు. కుట్టు దగ్గర వేలితో తడిమాడు.

"నలభై ఆరు తర్వాత నలభై తొమ్మిది ఉందేంటి?"

సూసన్ టీ గ్లాసులోకి చూస్తోంది.

"ఎవరో చించారు సూసీ. చూడు. కొత్తగా చించింది ఇది. అంచు ఇంకా తెల్లగా ఉంది."

ఆమె నోరు తెరిచింది. ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. మాట గొంతులో ఉంది. ఇంకొంచెం పైకి వస్తే చాలు —

"నేనే చించా."

మెట్ల దగ్గర జయమణి. ఆరిన దుప్పట్లు తీయడానికి వచ్చింది. చంక కింద ఒక దుప్పటి.

"నువ్వా?"

"పంచదార డబ్బాకి చీమలు పడితే కింద వేసా. ఏదో పాత పుస్తకం అనుకున్నా."

ఎడ్విన్ లేచాడు. సూసన్ అతన్ని అలా ఎప్పుడూ చూడలేదు. "అరువు పుస్తకం అమ్మా ఇది! నెహెమ్యా మాస్టారికి నేనేం చెప్పాలి? చదువుకున్నదానివి. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసినదానివి. పుస్తకంలో కాగితం చించడమేంటి? సిగ్గుండాలి కదా!"

జయమణి దుప్పటి మడత పెట్టింది. ఒక మడత. రెండు మడతలు. సూసన్ వైపు చూడను కూడా లేదు.

కిందికి దిగిపోయింది.

సూసన్ ఆమె వెనకే దిగింది. వంటగదిలో జయమణి బియ్యం కడుగుతోంది.

"అత్తయ్యా..."

"ఒకసారికి కాచా." గొంతు మెల్లగా ఉంది. కోపం ఉందో లేదో తెలియదు. "రెండోసారి నా వల్ల కాదమ్మాయ్."

"మీకు... తెలుసా?"

"నీ చుడీదారు ఉతుకుతుంటే జేబులో దొరికింది. మాత్రల అట్ట ముక్క. పెళ్ళైన రెండో నెల." కడిగిన నీళ్ళు వంపింది. "వార్డులో ఆయాగా ముప్పై ఏళ్ళు ఆ మాత్రలు అందించినదాన్ని. పేరు చదవక్కర్లేదు నాకు. రంగు చూస్తే చాలు."

"ఎందుకు చెప్పలేదు మీరు?"

"నువ్వు చెప్తావని."

బియ్యం గిన్నె పొయ్యి మీద పెట్టింది.

"ఐదు నెలలు చూశా. శనివారం దాకా చూస్తా. ఆ తర్వాత నేనే చెప్తా. వాణ్ణి నీళ్ళలోకి నీ చెయ్యి పట్టుకుని దిగనివ్వను."

అగ్గిపుల్ల గీసింది. మంట లేచింది.

సూసన్ అక్కడే నిలబడిపోయింది. ఈమె తనని కాపాడిందా? గడువు పెట్టిందా? ఆ ముఖం చూస్తే రెండూ ఒకటిలాగే ఉన్నాయి.

గురువారం చెప్పలేదు.

అతను తల్లితో మాట్లాడడం లేదు. తల్లి అతనికి అన్నం పెడుతోంది. అతను తింటున్నాడు. ఆ మౌనంలో పళ్ళాలు చప్పుడు చేస్తున్నాయి. తన వల్ల. అంతా తన వల్ల.

శుక్రవారం బడి ఆఖరి రోజు.

పిల్లలకి బిస్కెట్లు. మార్కుల కాగితాలు. తల్లిదండ్రుల గోల. పొద్దుటి మాత్ర వేసుకుంది. మాత్రలన్నీ ఉండే చిన్న జిప్పు పర్సు టేబులు సొరుగులో పెట్టింది. ఎవరో పిలిస్తే వెళ్ళింది. ఇంకెవరో పిలిచారు. తాళాలు వేస్తున్నారు టీచరుగారూ అన్నారు. బ్యాగు తీసుకుని బయటికి వచ్చేసింది.

బస్సు చిల్లకల్లు దాటింది. సాయంత్రం మాత్ర కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది.

లేదు.

మళ్ళీ వెతికింది. అన్నీ ఒళ్ళో కుమ్మరించుకుంది. పెన్నులు, దువ్వెన, చాక్పీసు ముక్క.

లేదు.

బడికి తాళం. నందిగామలో మందుల షాపు నడిపేది ఎడ్విన్ దగ్గర చదువుకున్నవాడే. మేడమ్‌గారికి ఎవరికండీ ఈ మాత్రలు, అంటాడు. అత్తగారిని అడగాలా? ఏ ముఖంతో?

రెండున్నరేళ్ళు, అనుకుంది. రెండు పూటలకి ఏమవుతుంది?

ఆ రాత్రి ఎడ్విన్ అన్నాడు — రేపు పొద్దున్నే చెవిటికల్లు వెళదాం. మా మేనమామ ఊరు. నేను ఈత నేర్చుకున్న రేవు. నీకు నీళ్ళ భయం పోవాలంటే ముందు నదిలో తేలడం నేర్చుకోవాలి. పుస్తకంలో ఉంది.

సరే అంది.

అక్కడ చెప్తాను. ఒడ్డున. శనివారమే కదా. అత్తగారు ఇచ్చిన గడువూ అదే. ఎవరూ ఉండరు. నదిని చూస్తూ చెప్తాను. అతని ముఖం చూడక్కర్లేదు.

పొద్దున్నే బైకు మీద. కంచికచర్ల దాటి, పొలాల మధ్య. ఎండ ఇంకా ముదరలేదు. మాత్ర లేని రెండో పూట. తల కొంచెం తేలికగా ఉంది. నిద్ర చాలక అనుకుంది.

కృష్ణ.

వెడల్పుగా, పల్చగా, కదలనట్టే కదులుతూ. ఒడ్డున ఇసుక. ఒక పడవ బోర్లించి ఉంది. దాని నీడలో ఒక పెద్దాయన వల కుట్టుకుంటున్నాడు. మాస్టారూ, మీ మామయ్య ఊళ్ళో లేడుగా అన్నాడు. నీళ్ళ కోసం వచ్చాంలే అన్నాడు ఎడ్విన్.

"ఏవండీ, ముందు ఒక మాట చెప్పాలి."

"నీళ్ళలో చెప్పు."

"కాదండీ. ఇక్కడే..."

"ఇక్కడ ఉంటే భయం పెరుగుతుంది సూసీ. రా. మోకాలు లోతే."

అప్పటికే అతను దిగాడు. చెయ్యి చాపాడు. నవ్వుతున్నాడు. బుధవారం తర్వాత మొదటిసారి నవ్వుతున్నాడు.

ఆ నవ్వుకి ఆమె దిగింది.

మోకాలు. తొడలు. నడుము. చల్లదనం చుడీదారులోంచి పైకి పాకింది. అరికాళ్ళ కింద ఇసుక జారుతోంది.

"వెనక్కి పడుకో. నా చేతులున్నాయి కింద. ఆకాశం చూడు. ఊపిరి పీల్చు."

పడుకుంది.

చెవుల్లోకి నీళ్ళు. లోకం చప్పుడు ఆగిపోయింది. వీపు కింద రెండు అరచేతులు. పైన తెల్లటి ఆకాశం. ఒక కొంగ. ఎంత తేలికగా ఉంది. ఇంత తేలికగా ఎప్పుడూ...

నాలుక మీద ఇనుము రుచి.

కాదు. కాదు. కాదు.

ఎడమ బొటనవేలు దానంతటదే కదిలింది.

"ఏవండీ."

"ఊఁ. బాగుందా?"

"వదలొద్దు నన్ను."

"వదల్లేదు. పట్టుకునే ఉన్నా."

"అది కాదు... నాకు ఫిట్స్ ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ. చెప్పలేదు. ఇప్పుడు — వస్తోంది —"

అతని ముఖం ఆకాశానికి అడ్డం వచ్చింది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు ఆ ముఖంలోంచి. అతని పెదవులు ఏదో అన్నాయి.

వినపడలేదు.

తర్వాత... లేదు. ఏమీ లేదు.

ఇసుక.

ముందు అది తెలిసింది. చెంప కింద తడి ఇసుక. పక్కకి తిరిగి పడుకుని ఉంది. నాలుక కొరుక్కుంది. నోట్లో నెత్తురు ఉప్పగా. ఒళ్ళంతా ఎవరో ఉతికి పిండినట్టు.

కుడి గుప్పిట్లో ఏదో గుచ్చుకుంటోంది. తెరిచింది. బైకు తాళంచెవి. చేతిలో ఇనుము పెట్టమని వలాయన అరిచి ఉంటాడు. తాళంచెవితో ఫిట్స్ ఆగవని ఆమెకి తెలుసు. ఎడ్విన్‌కీ తెలిసే ఉంటుంది. అయినా పెట్టాడు.

అతను పక్కనే కూర్చున్నాడు. బట్టలు ఒంటికి అంటుకుని ఉన్నాయి. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కుకుంటున్నాడు.

వలాయన దూరంగా నిలబడ్డాడు. "అమ్మాయి కళ్ళు తెరిచింది మాస్టారూ. ఇంక భయం లేదు," అని, వెనక్కి తిరిగి పడవ వైపు వెళ్ళిపోయాడు.

ఎడ్విన్ అడిగాడు. నది వైపు చూస్తూ.

"ఎప్పట్నుంచి?"

"పద్నాలుగో ఏటనుంచి."

"మందులు?"

"వాడతా. నిన్న బడిలో మర్చిపోయా. రెండు పూటలు."

ఒక నీటి కాకి మునిగింది. ఎక్కడో తేలింది.

"ఆ పేజీ?"

"నేనే."

అతను తల తిప్పి ఆమెని చూశాడు. అప్పుడు మొదటిసారి.

"అమ్మకి తెలుసా?"

అబద్ధం ఆడొచ్చు. ఒక్క అబద్ధంతో అత్తగారిని కాపాడొచ్చు. కానీ ఇంక ఓపిక లేదు.

"తెలుసు."

ఎడ్విన్ కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మని సిగ్గులేదా అన్నా నేను," అన్నాడు. "నీ ముందు. నువ్వు చూస్తూ కూర్చున్నావ్."

ఆ మాటని ఆ నదంత నీళ్ళున్నా కడగడానికి లేదు.

మళ్ళీ మాట్లాడలేదు. కాసేపు అలాగే కూర్చున్నారు. ఆమె నిలబడగలిగాక బైకు తీశాడు. ఆమె వెనక ఎక్కింది. అతను దిగాడు. ఆమె చున్నీ తీశాడు. ఇద్దరి నడుముల చుట్టూ రెండుసార్లు తిప్పి, గట్టిగా ముడి వేశాడు.



పొలాల మధ్య, వేడిగాలిలో, అతని తడిచొక్కాకి నుదురు ఆనించి ఆమె ఏడ్చింది. అతనికి తెలిసే ఉంటుంది. బైకు మెల్లగా నడిపాడు. చాలా మెల్లగా. నడిచేవాళ్ళు దాటిపోయేంత మెల్లగా.

ఇల్లు చేరాక తల్లి దగ్గరికి వెళ్ళాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరి తడిబట్టలూ చూసింది. ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వు కూడానా అమ్మా," అన్నాడు.

అంతే అన్నాడు.

తర్వాత తొమ్మిది రోజులు.

శనివారం రాత్రికే జయమణి షాపుకి వెళ్ళి మాత్రలు తెచ్చి పెట్టింది. ఆదివారం గుడికి ముగ్గురూ వెళ్ళారు. మగవాళ్ళ వైపు అతను. ఆడవాళ్ళ వైపు వాళ్ళిద్దరూ. కళ్ళు మూసుకుని అందరూ ప్రార్థన చేస్తుంటే సూసన్ కళ్ళు తెరిచి అతన్ని చూసింది. అతని కళ్ళూ తెరిచే ఉన్నాయి. నేలని చూస్తున్నాడు.

సోమవారం పొద్దున ఎటో వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. రోజారమణి.

"అల్లుడు వచ్చాడే." ఏడుపు ఆపుకుంటోంది. "ఏమీ అనలేదు. మజ్జిగ ఇస్తే తాగాడు. ఏ డాక్టరు, ఏ ఏడాది, ఎన్నిసార్లు వచ్చింది — అన్నీ అడిగి రాసుకున్నాడు. కాగితాలు ఇమ్మన్నాడు. మొత్తం ఫైలు పట్టుకెళ్ళాడు సూసీ. నేను ఇవ్వకుండా ఉండాల్సింది. వకీలుకి చూపిస్తాడేమో!"

సాయంత్రం వచ్చాడు. సూసన్ చిన్న జిప్పు పర్సు టేబులు మీద పెట్టాడు. బడి వాచ్‌మన్‌తో తాళం తీయించి తెచ్చాడు.

ఫైలు మాత్రం ఇవ్వలేదు.

మంగళవారం విజయవాడ వెళ్ళాడు. కొత్త పుస్తకాలతో వచ్చాడు. మూడు. లావుగా ఉన్నాయి. అట్ట మీద తలకాయ బొమ్మ, నరాల బొమ్మ. దీవుల పుస్తకాలు అలమారులోకి వెళ్ళిపోయాయి. నీలం పుస్తకం నెహెమ్యా మాస్టారికి తిరిగి వెళ్ళింది. ఏం చెప్పి ఇచ్చాడో తెలియదు.

సాయంత్రం ఐదున్నరకి డాబా ఎక్కేవాడు. చాప పరుచుకునేవాడు. చదివేవాడు. పెన్సిలుతో గీతలు పెట్టేవాడు.

పైకి మాత్రం చదవలేదు.

సూసన్ టీ తీసుకువెళ్ళి పెట్టి, మెట్ల మీద కూర్చునేది. పేజీ తిరిగే చప్పుడు వినేది. ఒక పేజీ. ఇంకో పేజీ. ఆ పేజీల్లో ఉన్నది తనే. తన తల, తన నరాలు, తన నురగ. అతను తనని చదువుతున్నాడు. ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు చదివే మనిషి.

వదిలి వెళ్ళిపోవాలన్నా ముందు చదువుతాడేమో.

అడగలేకపోయింది. అడిగితే జవాబు వస్తుంది. జవాబు రానంతవరకూ ఇల్లు ఉంది, మెట్లు ఉన్నాయి, టీ గ్లాసు ఉంది.

శనివారం జయమణి ఆమె పక్కన వచ్చి కూర్చుంది. మెట్టు మీదే. చేతిలో జామపండు. రెండు ముక్కలు చేసింది.

"నా మీద కోపంగా ఉందా అమ్మాయ్?"

"మీ మీద నాకెందుకత్తయ్యా? మీకే నా మీద..."

"నాకు నీ మీద లేదు. నా మీదే. ఐదు నెలలు ఊరుకుని ఏదో మంచి చేశా అనుకున్నా." ఒక ముక్క చేతిలో పెట్టింది. "సర్దుకో. ఎల్లుండేగా ప్రయాణం."

"రమ్మనలేదండీ ఆయన."

"వద్దన్నాడా?"

సూసన్ ఆలోచించింది.

"లేదు."

"మరి సర్దుకో."

సర్దుకుంది. ఆరు జతలు. ఒక్కో జత పెట్టినప్పుడల్లా, తీసేయాల్సి వస్తుందేమో అనుకుంటూ. అతని బ్యాగు గుమ్మం పక్కన ఉంది. తన బ్యాగు గోడ పక్కన పెట్టింది. రెంటి మధ్యా నాలుగు గచ్చుబండలు.

సోమవారం పొద్దున ఏడింటికి కారు వచ్చింది. గన్నవరంలో విమానం. డ్రైవరు బాబ్జాన్ హారన్ కొట్టి, చెప్పులు విడిచి గుమ్మం దాకా వచ్చాడు. అతని బ్యాగు అందుకున్నాడు. గోడ పక్కన ఉన్నదాన్ని చూశాడు.

"మేడమ్‌గారు కూడా వస్తున్నారా సార్?"

ఇల్లంతా ఊపిరి బిగబట్టింది.

జయమణి వంటగది గుమ్మంలో. సూసన్ గోడ పక్కన. ఎడ్విన్ చెప్పుల పట్టీ పెట్టుకుంటూ వంగి ఉన్నాడు. లేవలేదు. పట్టీ సరిగ్గా పట్టలేదు. తీసి మళ్ళీ పెట్టాడు.

"మాత్రలు పెట్టుకున్నావా?" అన్నాడు.

నేలని చూస్తూనే. తొమ్మిది రోజుల్లో మొదటి మాట. అది తనకే అని అర్థం కావడానికి ఆమెకి ఒక క్షణం పట్టింది.

"పెట్టుకున్నానండీ."

"ఎన్ని రోజులకి?"

"ఆరు."

"పది రోజులకి పెట్టుకో. గాలివాన వస్తే పడవలు ఆపేస్తారంట. అక్కడ ఈ మందు దొరుకుతుందో లేదో."

బాబ్జాన్ ఆమె బ్యాగు కూడా ఎత్తాడు.

కారు కదిలింది. వెనక సీట్లో ఇద్దరూ. ఆమె ఈ కిటికీ దగ్గర, అతను ఆ కిటికీ దగ్గర. మధ్యలో ఆమె చేతిసంచి. ఆమె తీయలేదు. అతను తీయమనలేదు. అద్దాల్లోంచి వేడిగాలి వస్తోంది. ఇటువైపు టోల్‌గేటు దాటింది. కంచికచర్ల దాటింది. పరిటాల దగ్గర ఆంజనేయుడి విగ్రహం ఆకాశమంత ఎత్తున వచ్చి, వెనక్కి వెళ్ళిపోయింది.

అతని ఒళ్ళో పుస్తకం లేదు. చేతులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న చేతుల్ని ఏం చేయాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

ఇంకో రెండు మైళ్ళు పోయాక సూసన్ అడిగింది.

"నీళ్ళలోకి దిగనివాళ్ళు అక్కడ ఏం చేస్తారండీ?"

ఎడ్విన్ కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఆలోచించాడు. చదివినవన్నీ, పేజీ పేజీ, వెతుక్కుంటున్నట్టు.

"తెలీదు," అన్నాడు. "అది ఏ పుస్తకంలోనూ లేదు."